మరిగించిన రాయి

"ముందిది చెప్పు. పొద్దున మా అమ్మకి ఏం పెట్టావు?"

ఆడపడుచు గొంతు ఆసుపత్రి వరండా ఆ చివరిదాకా వెళ్ళింది. ఎదుటి బెంచీ మీద పత్రిక చదువుకుంటున్న పెద్దాయన పేజీ తిప్పడం మానేశాడు.

"ఏమీ తినలేదు వదినా. కాఫీ తాగారు, అంతే."

"ఆ కాఫీలో ఏం కలిపావు?"

కోడలు తలెత్తి చూసింది. పొద్దుటినుంచీ నాలుక మీద ఇనుప మేకు పెట్టుకున్నట్టు ఒక పాడు రుచి. ఉమ్మినా పోలేదు, నీళ్ళు తాగినా పోలేదు. మూతి చుట్టూ సన్నగా తిమ్మిరి. తన సంగతి చెప్పుకునే సమయం కాదని ఊరుకుంది.

"పంచదార" అంది.

పెద్దాయన పత్రిక అడ్డం పెట్టుకున్నాడు. ఆడపడుచు ముఖం ఎర్రబడింది.

గాజు తలుపు అవతల అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి అందడం లేదు. ముక్కునూ నోటినీ కలిపి ముసుగు తగిలించారు. పొద్దున బాత్రూంలో పీట వేసుకుని, గోడలు అదిరేలా బ్రష్షుతో రుద్దిన మనిషి! మధ్యాహ్నానికి చలి అంది. దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు ఆగలేదు. ఆ తరువాత పెదవులు నల్లబడ్డాయి. కోడలే టాక్సీ పిలిచి, భుజం మీద వాల్చుకుని తీసుకొచ్చింది. దారంతా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోవడం ఆ ఇద్దరికీ కొత్త కాదు.

మొగుడి ఫోను కలవడం లేదు. లిఫ్టులు బాగుచేసే మనిషి. లిఫ్టు గోతిలోకి దిగాడంటే ఇక లోకంతో సంబంధం ఉండదు.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసే గాని మాట నిదానం.

"ఇంట్లో రంగులేమైనా వేశారా? పురుగుల మందు కొట్టారా? గ్యాసు లీకైందా?"

"లేదండీ."

"మరి ఆవిడ ఏం చేస్తుండగా మొదలైంది?"

"బాత్రూంలో రాళ్ళు కడుగుతున్నారు."

"రాళ్ళా?"

"చేపల తొట్టిలోవి. ఉప్పునీళ్ళ తొట్టి. చేపలూ పగడాలూ ఉండేది. ఎవరో వాడిందే, నిన్న మా ఆయన కొనుక్కొచ్చారు."

"విన్నారా డాక్టరుగారూ!" ఆడపడుచు అందుకుంది. "రాళ్ళు కడిగితే మనిషికి ఊపిరాడకుండా పోతుందా? మా అమ్మ ఈ ఆసుపత్రిలోనే లాండ్రీ చూసింది. కొండంత మురికి కడిగింది. ఒక్కనాడు తుమ్మలేదు. ఇది కడుపులోకి వెళ్ళిన వ్యవహారమే. ఎవరు పెట్టారో వాళ్ళనే అడగండి."

"ఏం వేసి కడిగారు?" డాక్టరమ్మ కోడల్నే అడిగింది. "బ్లీచూ యాసిడ్డూ కలిపితే ఘాటైన గాలి లేస్తుంది. బాత్రూంలో ఉన్న సీసాలన్నీ పట్టుకురండి. ఎంత త్వరగా తెస్తే అంత మంచిది. ఎందుకిలా అయిందో తెలియకుండా మందు వేయడం నాకిష్టం లేదు."

"ప్రమాదమేం లేదు కదండీ?" అంది కోడలు.

డాక్టరమ్మ గాజు తలుపు వైపు చూసింది. "సీసాలు తెండి" అంది.

*

ఇద్దరూ టాక్సీలో ఇంటికి బయలుదేరారు. ఆడపడుచుకు మౌనం అంతగా అలవాటు లేని విద్య.

"నువ్వు మా అమ్మని అత్తయ్యా అని పిలిచి ఎన్నాళ్ళైంది?"

కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"మీ అమ్మ పోయిన దగ్గర్నుంచీ అంతేగా. పిలుపు లేదు, పలుకు లేదు. గిన్నె తెచ్చి ముందు పెడతావు, వెళ్ళిపోతావు. అమ్మ నాతో ఫోనులో ఏడ్చిందే! నీకు తెలుసా?"

"ఆవిడ ఏడుస్తారని నాకు తెలీదు వదినా."

"నిన్ను ఆ రాత్రిపూట ఒంటరిగా పంపడం ఇష్టం లేకనే కదా, మీ అమ్మకి బాగాలేదని ఫోనొచ్చిన సంగతి తెల్లారాక చెబుదామనుకుంది? ఆడపిల్లవి అర్ధరాత్రి ఎలా వెళ్తావని..."

"తెల్లారేదాకా మా అమ్మకి ప్రాణం ఉంది."

ఆడపడుచు డ్రైవరుకి దారి చెప్పడంలో పడింది.

నిజానికి కోడలికి లోపల తొలుస్తున్నది వేరు. పొద్దున అత్తగారు బాత్రూంలోంచి "మరిగే నీళ్ళు" అని మాత్రం కేకేసింది. వేడినీళ్ళు కాచి, గుమ్మం దగ్గర పెట్టింది తనే. ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఎందుకని అడగలేదు. మాటలున్న అత్తాకోడళ్ళయితే అడిగేదే. "రాళ్ళకి ఇన్ని వేడినీళ్ళెందుకండీ" అని ఒక్క మాట. ఆ ఒక్క మాట దాచుకుని తను ఏం బావుకుందని?

*

ఆ ఇంట్లో పాత వస్తువు గుమ్మం దాటాలంటే దాని మీద మరిగే నీళ్ళు పడాలి. అది అత్తగారి చట్టం. ఎవరో వాడిన కుర్చీ వస్తే కాళ్ళమీద వేడినీళ్ళు, పాత గిన్నె వస్తే ఏకంగా స్నానం. మొగుడొకసారి పాత గడియారం తెస్తే దాని మీద కూడా పోసింది. అప్పటినుంచీ అది ఎప్పుడూ భోజనాల వేళే చూపిస్తుంది. ఆసుపత్రి దుప్పట్లు ఉడికించి ఉడికించి, లోకంలో మరిగే నీళ్ళకు లొంగని మురికి లేదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం మీద ఆ ఇల్లు ఇన్నేళ్ళూ జబ్బు లేకుండా నడిచిన మాటా నిజమే.

తలుపు తీయగానే ముందుగదిలో గాజుతొట్టి కనబడింది. పెద్ద సూట్‌కేసంత ఉంటుంది. మొగుడు నిన్న సాయంత్రమంతా దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అంచుల వెంట తెల్లగా పేరుకున్న ఉప్పుపొరను వెనిగరుతో తుడిచాడు. అడుగున ఇసుక పరిచాడు. అలలు పుట్టించే చిన్న మోటారు ఒక మూల, నీళ్ళు వెచ్చబెట్టే గాజుగొట్టం ఇంకో మూల. నీళ్ళింకా పోయలేదు. ఉప్పు కలిపిన నీళ్ళు డబ్బాలో ఉన్నాయి. ఆ ఉప్పు ఎంతుందో చూసే గొట్టం ఒకటి బల్ల మీద పెట్టాడు. కంటికి ఆనించి వెలుతురు వైపు చూడాలి. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే కోడలు, మొగుడు చూడకుండా నిన్న దాన్ని ఒకసారి కంటికి పెట్టుకుంది. లోపల నీలం, తెలుపు కలిసే గీత ఎంతో నిక్కచ్చిగా కనబడింది. ఎందుకో ఏడుపొచ్చింది. వెంటనే పెట్టేసింది.

పక్కనే నీలం బకెట్లో రెండు నారింజరంగు చేపలు, అడుగున సరిగా కనబడని ఒక రాయి. గాలిబుడగల గొట్టం గుడగుడమంటోంది. వాటికేమీ పట్టలేదు.

"ఇదా మీ వైభోగం" అంది ఆడపడుచు. "దీనికోసమా మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చారు?"

కోడలు బాత్రూం తలుపు తోసింది. పొద్దుటి ఆవిరికి అద్దమింకా మసకగానే ఉంది. వెల్లుల్లి, కుళ్ళిన నాచు కలిసినట్టు వాసన. పీట పక్కన రాయి పడి ఉంది. నిన్న దాని మీద చొక్కా గుండీలంత గుండ్రటి జీవాలు, గోధుమరంగులో, ఒక దానికొకటి ఆనుకుని గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. పగడాల్లో ఒక రకమట. తను తాకబోతే మొగుడు చెయ్యి పట్టుకుని లాగేశాడు కూడా. "రేపు చూద్దువుగాని" అన్నాడు. ఇప్పుడవన్నీ కరిగి, జారి, పాచిలా నేలకు అంటుకున్నాయి.

ఆమెకు దగ్గు తెర వచ్చింది. సబ్బుపొడి, నేల తుడిచే మందు, బ్లీచు సీసా సంచిలో వేసుకుని గబగబా బయటికి వచ్చి తలుపు మూసింది. బ్లీచు సీసా మూత సీలు కూడా ఊడలేదు. అంటే బ్లీచు వాడలేదు.

వంటింట్లోంచి ఆడపడుచు గొంతు వినబడింది. ఫోనులో వాళ్ళాయన.

"ఆఁ, వచ్చాం. ఆఁ, అలాగే ఉంది. ఒక్క నిమిషం ఉండండి."

అని ఫోను బల్ల మీద పెట్టేసి, అల్మారా తీసి తల్లి తువ్వాళ్ళు ఏరడం మొదలెట్టింది. బల్ల మీంచి వాళ్ళాయన "హలో, హలో" అంటూనే ఉన్నాడు. అది ఆమె పద్ధతి. తను చెప్పాల్సింది అయిపోతే ఫోను అక్కడ పెట్టి పనిలో పడుతుంది. అవతలివాళ్ళు ఉన్నారో పోయారో పట్టదు.

"నువ్వెళ్ళు" అంది కోడలితో. "అమ్మకి వేరే తువ్వాళ్ళు పడవు. ఇవి వేడినీళ్ళలో ఉడికించి, ఇస్త్రీ చేసి పట్టుకొస్తాను. చూడు, డబరాలో నీళ్ళు నింపి పొయ్యి మీద పెట్టే ఉంచింది. ప్రాణం పోతున్నా పని మానదు మా తల్లి."

పొయ్యి మీద సత్తు డబరా, మూత పెట్టి ఉంది. బట్టలు ఉడికించే రోజున అది అక్కడ ఉండడం మామూలే. కోడలు దాన్ని చూసీ చూడనట్టు చూసింది.

"నేను వేసి వెళ్ళనా వదినా?"

"నీకేం తెలుసు? నీళ్ళు తెర్లేదాకా మూత తీయకూడదు, తెర్లాకే బట్ట వేయాలి. అమ్మ నాకు నేర్పింది. నువ్వు సీసాలు పట్టుకెళ్ళు."

*

కింద గేటు దగ్గర ఒకావిడ ఎదురైంది. పొట్టిజుట్టు, ఇంకా తడి ఆరలేదు. చంకలో తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువు. ఈత నేర్పే టీచరు. ఆమె ఈతకళ్ళద్దాలకు పవరు వేయించుకున్నది కోడలు పనిచేసే దుకాణంలోనే. అవి ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడే కోడలు మొదటిసారి ఆ తొట్టిని చూసింది. ఇల్లు మారుతున్నందున ఆమె దాన్ని అమ్మేసింది.

"మీ ఇంటికే వస్తున్నా. మీ ఆయన లైటు మర్చిపోయాడు. ఇది లేకపోతే పగడాలు నాలుగు రోజులు కూడా... ఏమైందమ్మా? అలా ఉన్నావేం?"

"మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నారు. పొద్దున రాళ్ళు కడుగుతూ..."

"దేంతో కడిగారు?"

"మరిగే నీళ్ళతో."

లైటు ఆమె చంకలోంచి జారి మెట్టు మీద పడింది. తువ్వాలు లోపల గాజు విరిగిన చప్పుడు. ఆమె వంగి తీసుకోలేదు.

"ఏ రాయి? గుండీలున్నదా?"

"అవును."

"అయ్యో! అయ్యో తల్లీ!" టీచరు కోడలి రెండు భుజాలూ పట్టుకుంది. "వాటిలో విషముందమ్మా. నీళ్ళలో ఉన్నంతసేపూ వాటి జోలికి పోకపోతే ఏమీ చేయవు. వేడి తగిలితే మాత్రం విషం ఆవిరితో పైకి లేస్తుంది. అది పీలిస్తే ఊపిరితిత్తులు... డాక్టరుకి చెప్పారా?"

"మాకు తెలిస్తేగా చెప్పడానికి!"

"తెలీకపోవడమేంటి? మీ ఆయనకి చెప్పానే! చేతులకి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, గీకొద్దు, వేడినీళ్ళు మాత్రం పొరపాటున కూడా తగలనివ్వొద్దని. ఒకటికి పదిసార్లు చెప్పాను. ఇంట్లో చెప్తానన్నాడు."

రోడ్డు మీద బళ్ళు పోతూనే ఉన్నాయి. ఎవరో పిల్లను కోప్పడుతున్నారు. నిన్న తను చెయ్యి చాపితే మొగుడు పట్టుకుని వెనక్కి లాగడం గుర్తొచ్చింది. ఆ చేతి పట్టు గుర్తొచ్చింది. రేపు చూద్దువుగాని. అంటే అతనికి తెలుసు.

"రెండు రాళ్ళ మీద ఉన్నాయవి" అంటోంది టీచరు. "రెండోదేదీ?"

"బకెట్లో ఉంది. చేపలతో. దానికేం తగల్లేదు."

అంటూనే పైకి తిరిగి కేకేసింది. "వదినా! వదినా!"

ఆడపడుచు తల వంటింటి కిటికీలోంచి బయటికొచ్చింది.

"బాత్రూం తలుపు తీయొద్దు! అక్కడున్న రాయి ముట్టుకోవద్దు! బకెట్లోది కూడా!"

"మీ రాళ్ళు నాకెందుకే? నెత్తిన కొట్టుకోనా?" అని తల లోపలికి వెళ్ళిపోయింది.

*

టీచరు కారులోనే వెళ్ళారు. ఆమే డాక్టరమ్మకు అంతా చెప్పింది. డాక్టరమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. విన్నాక నర్సును పిలిచి ఏవో రెండు మందులు ఆపమంది, గుండె చూసే యంత్రం పెట్టమంది.

"పుస్తకంలో చదివాను గాని మనిషిని చూడడం ఇదే" అంది. "దీనికి విరుగుడు మందంటూ లేదు. ఊపిరి నిలబెడుతూ, గుండె మీద కన్నేసి ఉంచి, ఒళ్ళు తనంతట తను గెలిచేదాకా కాపు కాయాలి. ఈ రాత్రి గడవాలి. ఇంకో మాట. ఆవిడ నీళ్ళు పోస్తున్నప్పుడు మీరెక్కడున్నారు?"

"గుమ్మంలో. నీళ్ళు నేనే కాచి ఇచ్చాను."

"నోట్లో ఏమైనా రుచి తెలుస్తోందా?"

"ఇనుము" అంది కోడలు. అన్నాక గాని తనకూ భయమేయలేదు.

నర్సు ఆమె చేతికి పట్టీ కట్టి గాలి కొడుతుండగానే మొగుడు వచ్చాడు. చేతులనిండా గ్రీజు. మెట్లు పరుగెత్తి ఎక్కినట్టున్నాడు, రొప్పుతున్నాడు. లిఫ్టులు బాగుచేసేవాడు లిఫ్టు కోసం ఆగలేదు.

"అమ్మెలా ఉంది? ఏమైంది?"

"రాళ్ళ మీద మరిగే నీళ్ళు పోశారు."

అతను అక్కడే నిలబడిపోయాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇక అడగక్కర్లేదు. అయినా కోడలు అడిగింది.

"మీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"టీచరుగారు చెప్పారు. విషమని చెప్పారు."

"చెప్పారు."

"నాకెందుకు చెప్పలేదు?" ఆమె గొంతు పెరిగింది. చేతికి కట్టిన పట్టీ ఊడిపోయింది. "మరిగే నీళ్ళు నా చేత్తో కాచి ఇచ్చానండీ! నా చేత్తో! మీ అక్క నన్ను ఏం పెట్టావని అడుగుతోంది. ఏం పెట్టానో ఇప్పుడు తెలిసింది. విషమే పెట్టాను. మీరు ముందే ఒక్క మాట చెప్పుంటే..."

"ఒట్టు పెట్టించుకుంది" అన్నాడతను.

"ఎవరు?"

అతను గాజు తలుపు వైపు చూశాడు. లోపల అత్తగారు ఇటే చూస్తోంది. మాటలు వినబడ్డాయో, ముఖాలు చూసి పోల్చుకుందో, చెయ్యి పైకెత్తి రమ్మని సైగ చేసింది.

*

"మాట్లాడించకండి" అంది నర్సు. అత్తగారు వినే రకమా? ఈ ఆసుపత్రిలో ఆవిడ ఎవరి మాటా విన్నట్టు ఎవరికీ గుర్తులేదు. ముసుగు పక్కకి జరిపింది.

"వాణ్ణేమీ అనకు" అంది. గొంతు ఆవిడది కాదు. "నాకు చెప్పాడు. అంతా చెప్పాడు."

కోడలు మంచం పక్కన నిలబడిపోయింది. "విషముందని మీకు తెలుసా?"

"తెలుసు. అందుకే ఉడికించాను."

"వేడి తగలనివ్వొద్దన్నానమ్మా!" కొడుకు ఏడుపు గొంతుతో అన్నాడు. "తొడుగులేసుకో, వేడి మాత్రం వద్దన్నానా లేదా?"

"అన్నావు. రంగు పోతుందని అన్నావనుకున్నా." ఆవిడ ఆగి ఊపిరి లాక్కుంది. "ఉన్ని బట్టకి వేడి పడదంటారే, అలాగ. రంగు పోతే పోయింది. విషం కూడా పోతుంది కదా అని. ఎంత రోగమంటిన దుప్పట్లు ఉడికించానురా... ఉడికాక దేంట్లోనూ ఏమీ మిగల్లేదు. ఏనాడూ మిగల్లేదు."

యంత్రం మీద పచ్చగీత ఎగుడుదిగుడుగా పరుగెడుతోంది. జీవితమంతా ఆవిడను కాపాడిన విద్యే ఇవాళ ఆవిడ మెడకు చుట్టుకుంది. ఆ సంగతి ఆవిడకు అర్థమైనట్టే ఉంది, కళ్ళలో అదివరకెన్నడూ లేని బెదురు.

"విషమని తెలిసి ఇంట్లోకి ఎందుకు రానిచ్చారు?" అంది కోడలు. "పాత కుర్చీనే రానివ్వరే మీరు!"

"నేనే తెప్పించాను."

"మీరా?"

"కళ్ళద్దాలివ్వడానికి వెళ్ళొచ్చి వాడితో చెప్పావు చూడు. నీళ్ళలో పువ్వులు ఊపిరి పీల్చుకుంటున్నట్టున్నాయని. ఎంతసేపు చెప్పావో! మీ అమ్మ పోయాక నీ గొంతు అంతసేపు వినబడింది ఆరోజే. పక్కగదిలో పడుకుని విన్నాను. వీణ్ణి పంపించాను. విషమని నీకు తెలిస్తే తిప్పి పంపేస్తావు. చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. నువ్వు చెయ్యి పెట్టేలోపే ఉడికించి శుభ్రం చేసిద్దామని..."

దగ్గు వచ్చి మాట తెగిపోయింది. నర్సు ముసుగు సరిచేసింది.

కోడలికి ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తనకోసమట! ఈ మనిషి తనకోసం విషాన్ని ఇంటికి తెచ్చి, తనకోసం దాన్ని పీల్చింది. తనకు చెప్పకుండా. ఆ రాత్రి ఫోను వచ్చినప్పుడూ ఇంతే. తన మంచికోసమే. తనకు చెప్పకుండా.

"మళ్ళీ అదే చేశారు" అంది. కన్నీళ్ళు తుడుచుకోలేదు. "అప్పుడూ నాకు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. ఎందుకండీ? ఒక్క మాట నాతో చెబితే మీ సొమ్మేం పోతుంది? నేనేమైనా పసిపిల్లనా?"

అత్తగారు కాదనలేదు. కాదననందుకే కోడలికి దుఃఖం ఎక్కువైంది. మంచం అంచు మీద కూర్చుని, మరిగే నీళ్ళకు ఎన్నోసార్లు కాలి మొద్దుబారిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అత్తయ్యా" అంది.

మొగుడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

అత్తగారి కళ్ళు మూతపడ్డాయి. చెంప మీదికి జారిన నీటిబొట్టు ముసుగు అంచున ఆగింది. కాసేపటికి మళ్ళీ కళ్ళు తెరిచి, ముసుగు జరిపింది.

"అయితే ఇది కూడా చెప్పేస్తాను. దాచను. రెండో రాయి ఉంది కదా."

"బకెట్లో ఉంది అత్తయ్యా. చేపల దగ్గర."

"అది కాదు. అది ఉత్త రాయి. గుండీలున్నది ఇంకోటి." ఒక్కో మాటా వెతుక్కుంటోంది. "రుద్దుతుంటే చేతులు వణికాయి. ఇలా లాభం లేదు, ఉడకబెట్టేద్దామని... బట్టల డబరాలో వేసి, నీళ్ళు నింపి, మూత పెట్టాను. వెలిగించే ఓపిక లేకపోయింది. ఇంటికెళ్ళాక పారేయి. వెలిగించకు."

పొయ్యి మీద సత్తు డబరా. చూసీ చూడనట్టు చూసిన డబరా. నీళ్ళు నింపి పెట్టే ఉంచిందని వదిన అన్న డబరా.

మొగుడు అప్పటికే వరండాలో పరుగెడుతున్నాడు. కోడలు ఆడపడుచు నంబరు నొక్కింది. మోగింది. మోగింది. ఎవరూ తీయలేదు. మళ్ళీ నొక్కింది.

"ఏంటే?" ఆడపడుచు గొంతు. "వస్తున్నానన్నాగా."

"వదినా, పొయ్యి ఆర్పెయ్! బయటికొచ్చెయ్! ఆ డబరాలో..."

"ఆఁ, డబరా సంగతే చూస్తున్నా. తెర్లుతోంది, మూత ఎగిరెగిరి పడుతోంది. ఒక్క నిమిషం ఉండు, తువ్వాళ్ళు వేసొస్తాను."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు.

"వదినా! మూత తీయకు! వదినా!"

ఆసుపత్రి మొత్తం వినబడేలా అరిచింది కోడలు. నర్సులు పరుగెత్తుకొచ్చారు. మంచం మీద అత్తగారు, విషయం అర్థమై, ముసుగు పీకేసి లేవబోతోంది. ఫోనులో మాత్రం పొయ్యి వైపు నడిచివెళ్తున్న చెప్పుల చప్పుడు నింపాదిగా వినబడింది.

తరువాత మూత పక్కన పెట్టిన గణగణ.

ఆ తరువాత, ఒక దగ్గు.